మనం వదిలినవాడే మొనగాడు

హైదరాబాద్ క్రికెట్ అభిమానికి రెండు జట్లుంటాయి. ఒకటి ఆరెంజ్ జెర్సీ వేసుకుని ఉప్పల్‌లో ఆడేది. రెండోది ఆ జట్టు వదిలేసినవాళ్లందరినీ పోగేసి మనసులో కట్టుకున్నది. మొదటి జట్టు ఏ రోజు ఎలా ఆడుతుందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. రెండో జట్టు మాత్రం ఏదో ఒక రంగు జెర్సీలో కప్పులు ఎత్తుతూనే ఉంటుంది.

ఇంతకీ నీకు తీర్పు చెప్పే అర్హతేమిటని మీరు అడగొచ్చు. రైతుబజార్‌లో కొత్తిమీర కట్ట పది రూపాయలంటే ఎనిమిదికి ఇవ్వమని పావుగంట నిలబడే మనిషిని. కోట్లు నేను టీవీలో తప్ప చూడలేదు. అయినా 2023 డిసెంబరు వేలంలో సన్‌రైజర్స్ వాళ్లు పాట్ కమిన్స్‌కి 20.5 కోట్లు పెట్టినప్పుడు, "తొందరపడ్డారు, పద్దెనిమిదికి వచ్చేవాడు" అని మా బావమరిది ముందు గట్టిగా ప్రకటించాను. మరుసటి ఏడాది ఆటగాళ్లను ఉంచుకునే జాబితా వచ్చింది. అందులో కమిన్స్ ధర సరిగ్గా 18 కోట్లు. మా ఇంటి హాల్లో అన్న మాట చెన్నైలోని యాజమాన్యం చెవిన ఎలా పడిందో నాకిప్పటికీ అంతు పట్టలేదు. ఇంతకు మించిన అర్హత ఏ విశ్లేషకుడికుందో చూపించండి.

ఈ వదులుకోవడమనే విద్య సన్‌రైజర్స్‌తో మొదలవలేదు. అంతకు ముందున్న డెక్కన్ ఛార్జర్స్ దగ్గరే దీనికి అక్షరాభ్యాసం జరిగింది. 2008 లో మన లక్ష్మణ్, జట్టుకు డబ్బు మిగలాలని ఐకాన్ హోదానే వదులుకున్నాడు. పెద్దమనిషి. ఆ మిగిలిన డబ్బుతో ఆండ్రూ సైమండ్స్‌ని 13.5 లక్షల డాలర్లకు కొన్నారు. 14 మ్యాచ్‌ల్లో 2 గెలిచి అట్టడుగున నిలిచారు. మరుసటి ఏడు టోర్నీ దక్షిణాఫ్రికాకు వెళ్లింది. గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో అదే జట్టు జోహన్నెస్‌బర్గ్‌లో బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించి కప్పు కొట్టింది. ఆఖరి నుంచి మొదటికి ఒక్క ఏడాదిలో ఎగబాకడం ఎలాగో మనవాళ్లు లోకానికి చూపించారు. ఆ తర్వాత మొదటి నుంచి కిందికి దిగడం కూడా చూపించారనుకోండి.

ఛాంపియన్లను కళ్లారా చూసే అదృష్టం ఊరికి దక్కలేదు. 2010 లో ఇక్కడ తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా ఉండటంతో హోమ్ మ్యాచ్‌లు నాగపూర్, కటక్, నవీ ముంబయిలకు తరలిపోయాయి. 2011 వేలానికి ముందు యాజమాన్యం ఒక్కరంటే ఒక్క ఆటగాణ్ణి కూడా ఉంచుకోలేదు. అలా గాలికి వదిలేసినవాళ్లలో ఒక బొద్దు కుర్రాడున్నాడు. తల్లిగారిది విశాఖపట్నం, తెలుగు వచ్చు, 2009 లో ముంబయి మీదే హ్యాట్రిక్ కూడా తీశాడు. పేరు రోహిత్ శర్మ.

ముంబయి వాళ్లు ఆయన్ని ఏరుకున్నారు. ఆయన కెప్టెన్సీలో ఐదు కప్పులు గెలిచారు. అక్కడితో ఆగితే మనం కూడా మర్యాదగా మర్చిపోయేవాళ్లం. అందులో రెండు, 2017 లోదీ 2019 లోదీ, మన ఉప్పల్ స్టేడియంలోనే గెలిచారు. రెండుసార్లూ ఒక్కటంటే ఒక్క పరుగు తేడాతో. 2019 ఫైనల్ రాత్రి మా బావమరిది టీవీ వైపు చూసి అమాయకంగా అడిగాడు.

"బావా, గీయన మనోడే గదా?"

"మనోడే. 2010 దాకా."

"మరి గా ఓడిపోయిన దాంట్ల ఉన్న రాయుడు?"

"ఆయనా మనోడే. మన ఊళ్లో ఆడి పెరిగినవాడు. ముంబయికి ఆడాడు, ఇప్పుడు చెన్నైకి ఆడుతున్నాడు."

"ఇగ మనకెవడు ఆడుతున్నడు బావా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా నేను మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లాను. అంబటి రాయుడు ఆటగాడిగా మొత్తం ఆరు ఐపీఎల్ కప్పులందుకున్నాడు. హైదరాబాద్ జట్టు తరఫున ఐపీఎల్‌లో ఒక్క బంతి కూడా ఆడలేదు.

"ఓనర్లు మద్రాసు వాళ్లండీ, వాళ్లకి మన ఊరంటే ప్రేమ ఎందుకుంటుంది?" అంటారు మా పై పోర్షన్ బ్యాంకు మేనేజర్ గారు. రిటైరయ్యాక ఆయన ఉద్యోగమిదే. ఈ వాదన నేనొప్పుకోను. డెక్కన్ ఛార్జర్స్ ఓనర్లు మన ఊరివాళ్లే. రోహిత్‌ని వదిలింది వాళ్లే. ఆటగాణ్ణి వదిలేయడానికి భాషాభేదం, ప్రాంతభేదం లేవు. ఇది ఫ్రాంచైజీతో పాటు చేతులు మారిన ఆస్తి. 2012 లో సన్ టీవీ వాళ్లు ఏడాదికి 85.05 కోట్లకు జట్టు హక్కులు పాడుకున్నారు కదా, అందులో ఈ అలవాటు కూడా కలిపే ఇచ్చుంటారు.

రషీద్ ఖాన్ సంగతికొస్తాను. ఇది చెప్పేటప్పుడు నా గొంతు మారుతుందని ఇంట్లోవాళ్లు అంటారు. ఐదు సీజన్లు మన దగ్గర ఆడాడు. రషీద్ బౌలింగ్‌కి వస్తున్నాడంటే అవతలి జట్టు ఈ నాలుగు ఓవర్లు ఎలాగోలా గడిస్తే చాలని దండం పెట్టుకునేది. 2022 సీజన్‌కు ముందు ఉంచుకోవడానికి విలియమ్సన్‌కి 14 కోట్లు, అబ్దుల్ సమద్‌కి 4, ఉమ్రాన్ మాలిక్‌కి 4 కేటాయించారు. రషీద్ బయటికెళ్లాడు. కొత్తగా పుట్టిన గుజరాత్ జట్టు 15 కోట్లిచ్చి తీసుకుంది. తీసుకున్న ఏడాదే కప్పు కొట్టింది.

ఆ ఏడాది ఏప్రిల్ 27 న వాంఖడేలో గుజరాత్‌తో మ్యాచ్. ఉంచుకున్న ఉమ్రాన్ మాలిక్ ఐదు వికెట్లు తీశాడు. వదిలేసిన రషీద్ బంతితో 45 పరుగులిచ్చుకున్నాడు, ఒక్క వికెట్టూ లేదు. మా ఇంట్లో యాజమాన్యం మీద గౌరవం పెరగడం మొదలైంది. మేనేజర్ గారు "చూశారా, వాళ్లకి తెలుసండీ" అని కూడా అన్నారు. ఆఖరి ఓవర్లో గుజరాత్‌కి 22 పరుగులు కావాలి. రషీద్ బ్యాటు పట్టుకున్నాడు. ఆ ఓవర్లో తెవాటియా ఒక సిక్సర్ కొడితే రషీద్ మూడు కొట్టాడు, చివరి బంతితో సహా. మన డగౌట్‌లో మురళీధరన్ కుర్చీలోంచి లేచి అరిచిన అరుపు టీవీల్లో దేశమంతా చూసింది. టెస్టుల్లో 800 వికెట్లు తీసినా ఎప్పుడూ నవ్వుతూ కనిపించిన మనిషి ఆయన. అలాంటివాడికి కోపం తెప్పించిన ఘనత మన జట్టుకే దక్కింది.

ఇక విలియమ్సన్. ఇంత చేసి ఉంచుకున్నవాణ్ణి ఆ ఒక్క సీజన్ కాగానే వదిలేశారు. ఆయన ఎక్కడ తేలాడనుకున్నారు? గుజరాత్‌లోనే. 2 కోట్లకి.

వార్నర్ గురించి ఎక్కువ చెప్పను, మా ఆవిడకి ఏడుపొస్తుంది. ఆమెకు క్రికెట్ తెలియదు, వార్నర్ తెలుసు. మూడుసార్లు ఆరెంజ్ క్యాప్, 2016 లో కప్పు, ఇవన్నీ మాకు. ఆమెకు మాత్రం లాక్‌డౌన్‌లో భార్యాపిల్లలతో కలిసి తెలుగు పాటలకు స్టెప్పులేసిన మంచి అబ్బాయి. ఆధార్ కార్డు ఒక్కటే తక్కువ. 2021 లో మధ్యలో కెప్టెన్సీ తీసేశారు, తర్వాత తుది జట్టులోంచీ తీసేశారు. అయినా దుబాయ్‌లో గ్యాలరీలో కూర్చుని మన జెండా ఊపాడు. వేటు పడిన ఉద్యోగి ఆఫీసు బయట నిలబడి కంపెనీకి జిందాబాద్ కొట్టడం నేను ఇంకెక్కడా చూడలేదు. తర్వాత మన సినిమావాళ్లు పిలిచి 'రాబిన్‌హుడ్‌'లో వేషమిచ్చారు. సినిమావాళ్లకున్న పట్టింపు క్రికెట్ వాళ్లకు లేకపోయింది.

సిరాజ్ కథ ఇంకా దగ్గరిది. ఆటో నడిపే తండ్రి కొడుకు, ఇక్కడి గల్లీల్లో ఆడి పెరిగినవాడు. 2017 లో 2.6 కోట్లకు మనమే కొన్నాం. మరుసటి ఏడాది వదిలేశాం. బెంగళూరు తీసుకుని ఏళ్ల తరబడి ఆడించింది. ఈలోగా ఆయన ఇండియా తరఫున ప్రపంచకప్ గెలిచాడు, తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగమిచ్చింది. 2025 లో గుజరాత్ జెర్సీతో ఉప్పల్‌లో దిగాడు. 17 పరుగులిచ్చి 4 వికెట్లు. మన డీఎస్పీ, మన లిమిట్స్‌లో, మన ఓపెనర్లు హెడ్‌నీ అభిషేక్‌నీ పవర్‌ప్లే లోపే అదుపులోకి తీసుకున్నాడు. ఆరెంజ్ జెర్సీలు వేసుకొచ్చిన జనమంతా లేచి చప్పట్లు కొట్టాలా వద్దా అని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నా పక్కనున్న కాలేజీ కుర్రాడు కొట్టేశాడు. నేను వాడి భుజం తట్టాను, అంతే.

న్యాయంగా మాట్లాడాలంటే ఒక్క బేరం మాత్రం అదిరింది. 2019 సీజన్ కోసం శిఖర్ ధావన్‌ని ఢిల్లీకిచ్చి ముగ్గురిని తెచ్చుకున్నారు. విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, ఇంకో పద్దెనిమిదేళ్ల కుర్రాడు. ఊరంతా ధావన్ కోసం గోల పెట్టింది, ఆ మూడోవాడి పేరు ఎవరూ పట్టించుకోలేదు. వాడే అభిషేక్ శర్మ. 2025 లో పంజాబ్ మీద 55 బంతుల్లో 141 కొట్టి, జేబులోంచి చీటీ తీసి ఆరెంజ్ ఆర్మీకి అంకితమని చూపించాడు. ఆ రోజు 246 పరుగుల లక్ష్యాన్ని ఛేదించాం. ఆ బేరం చేసినవాళ్లు తెలిసి చేశారో, ఇద్దరితో పాటు కొసరుగా వచ్చాడో నాకు తెలియదు, నాకనవసరం. నితీశ్ కుమార్ రెడ్డి కూడా అంతే. విశాఖ కుర్రాడు, 20 లక్షలకు వచ్చాడు, మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ కొట్టాడు. సెంచరీ కొట్టినప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ "మనవాడే" అన్నారు. విభజన చట్టంలో ఈ ఆస్తి ప్రస్తావన లేదు కాబట్టి ఉమ్మడిదే.

క్రికెట్ ఒక్కటే అనుకుంటే పొరపాటు. 2022 లో హైదరాబాద్ ఎఫ్‌సీ గోవాలో పెనాల్టీ షూటౌట్లో కేరళను ఓడించి ఐఎస్‌ఎల్ కప్పు గెలిచింది. ఫుట్‌బాల్‌లో కప్పు! పాతబస్తీ నుంచి గచ్చిబౌలి దాకా పండగ. తర్వాత జీతాలందలేదు, ఆటగాళ్లు వెళ్లిపోయారు, రెండేళ్లలో పట్టికలో ఆఖరికి చేరింది. 2025 లో ఆ క్లబ్బు ఢిల్లీ పేరు పెట్టుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. మిగతావాళ్లు ఆటగాళ్లను వదిలారు, ఇక్కడ జట్టునే వదిలేశారు. ఈ విద్యలో ఇదే పరాకాష్ఠ. ఉప్పల్ స్టేడియం కూడా తన వంతు తాను చేసింది, 2024 ఏప్రిల్‌లో చెన్నైతో మ్యాచ్‌కు ముందు రోజు బిల్లు కట్టడం వదిలేశారని కరెంటు పీకేశారు.

కబడ్డీలో తెలుగు టైటన్స్ గురించి రెండు ముక్కలు. వరసగా మూడు సీజన్లలో 66 మ్యాచ్‌లాడి 5 గెలిచారు. 2.605 కోట్లు పెట్టి పవన్ సెహ్రావత్‌ని తెచ్చినా ఆ సీజన్లోనూ ఆఖరి స్థానమే దక్కింది. ఆ మధ్య మళ్లీ గెలవడం మొదలుపెట్టి ప్లేఆఫ్స్‌కి కూడా వచ్చారు. పాత అభిమానులు కంగారుపడి టీవీలు సరిచూసుకున్నారు.

సొంత ఊళ్లో గెలిచిన కప్పు నాకు గుర్తున్నది ఒక్కటే. 2018 జనవరిలో గచ్చిబౌలిలో హైదరాబాద్ హంటర్స్ బ్యాడ్మింటన్ లీగ్ గెలిచింది. ఆ జట్టు తార ఎవరు? రియో ఒలింపిక్స్ ఫైనల్లో మన సింధును ఓడించిన కరోలినా మారిన్. సింధు? అప్పుడు చెన్నై జట్టులో ఉంది.

ఇవన్నీ సరే, ఇప్పుడున్న సన్‌రైజర్స్ జట్టు మీద నా ఫిర్యాదు ఒక్కటే. బ్యాటర్ల మీద పెట్టే మోజులో పదో వంతు స్పిన్ మీద పెట్టరు. 277, 287, 286 లాంటి స్కోర్లు చూసి ఊరంతా 300 జపం చేస్తుంది. టీ కొట్టువాడు కూడా "సార్, ఇయ్యాల మూడొందలా?" అంటాడు. 2025 లో తొలి మ్యాచ్‌లో 286 కొట్టి, తర్వాతి నాలుగూ వరసగా ఓడిపోయారు. అంతకు ముందేడు చెన్నైలో కోల్‌కతాతో ఫైనల్. టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకుని 113 కి కుప్పకూలారు. ఐపీఎల్ ఫైనళ్లలో అంతకన్నా తక్కువ స్కోరు లేదు. మూడొందల కల కన్నవాళ్లం 10.3 ఓవర్లలో లేచి దుప్పటి మడతపెట్టాం.

రషీద్ పోయాక హసరంగను కొన్నారు, గాయమై రాలేదు. జంపాను, రాహుల్ చాహర్‌ని తెచ్చారు, వాళ్లాడిన మ్యాచ్‌లు ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇదంతా డగౌట్‌లో మురళీధరన్‌ని కూర్చోబెట్టుకుని.

సన్‌రైజర్స్ సీఈఓ కావ్యా మారన్ గారూ, కొత్తిమీర బేరగాడి విన్నపం. వచ్చే వేలంలో ఇంకో సిక్సర్ల వీరుడు కనబడితే కాసేపు తల తిప్పుకోండి. ఒక మంచి స్పిన్నర్‌ని కొనండి, హైదరాబాద్ కుర్రాడైతే ఇంకా సంతోషం. కొన్నాక మూడేళ్లు మాత్రం వదలకండి. గుజరాత్ వాళ్లు బయటే కాచుకుని ఉన్నారు.