అంకెలనేలే స్వామీ, శరణు!

సంఖ్యాశాస్త్రి గారూ, తమకు శతకోటి వందనాలు. కూడి చూసే పెడుతున్నాను. ఒకటే వస్తోంది, సూర్యుడి అంకె, దోషం లేదు.

మా తాతల నాటి జ్యోతిష్కులు తిథి, వారం, నక్షత్రం, లగ్నం అంటూ పంచాంగంలో తలమునకలయ్యేవారు. తమకా శ్రమ లేదు. పుట్టిన తేదీ చెబితే చాలు, ఒకటో తరగతి కూడికతో జాతకం తేల్చేస్తారు. ఆ తేదీ గోడమీది ఇంగ్లీషు క్యాలెండరుది. 1582లో పోపు గ్రెగరీ దిద్దించిన క్యాలెండరది. 1752లో ఇంగ్లండు దానికి మారినప్పుడు సెప్టెంబరు 2 మర్నాడే 14 వచ్చింది. నడుమ ఎగిరిపోయిన పదకొండు రోజులకూ నవగ్రహాలు కిక్కురుమనకుండా సర్దుకున్నాయి. బ్రిటిష్ పార్లమెంటు చట్టానికి కట్టుబడే గ్రహాలను మాకు చూపించిన ఘనత తమదే! పేరులో ఇంకో ఇంగ్లీషు 'ఎ' తగిలిస్తే దశ తిరుగుతుందని కనిపెట్టిందీ తమరే. దశ సంగతేమో గానీ, ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి సర్టిఫికెట్లో ఇంకో పేరు ఉన్నవాడు ఆఫీసుల చుట్టూ తిరగడం మాత్రం ఖాయం.

తమ ధైర్యం ఇంకా గొప్పది. తొమ్మిది కుజుడి అంకె అంటారు కదా. కుజదోషం ఉందని బంగారంలాంటి సంబంధం వదులుకున్న ఇంటాయనే, కారుకు 9999 కావాలని రవాణాశాఖ వేలంలో లక్షలు పోస్తాడు. కోడలి జాతకంలో పనికిరాని కుజుణ్ణి కారు ముందు నాలుగుసార్లు కూర్చోబెట్టించారు చూడండి, అది మామూలు ప్రజ్ఞ కాదు. సర్కారు ఖజానా కూడా తమకు రుణపడి ఉంది.

అన్నిటికీ మించి ఎనిమిది. శని అంకె, తగలకూడదు. 8, 17, 26 తేదీల్లో పుట్టినవాళ్లకు కష్టాలే అని తమరు సెలవిస్తే మేం వణికిపోతాం. వణుకుతూనే గుడికెళ్లి అష్టైశ్వర్యాలు ఇమ్మంటాం, అష్టలక్ష్ములకు కుంకుమార్చన చేయిస్తాం, అష్టాక్షరి జపిస్తాం. కృష్ణుడు దేవకికి ఎనిమిదో బిడ్డ, పుట్టింది అష్టమినాడు. తమరు అప్పుడే ఉండుంటే ఆ తల్లిదండ్రులకు శాంతి చేయించి, పిల్లవాడి పేరులో ఓ అక్షరం పెంచేవారు. పాపం, ఆ రోజుల్లో ఎనిమిదంటే హడలిపోయినవాడు ఒక్క కంసుడే. తమ శాస్త్రానికి మూలపురుషుడు విదేశీయుడని ఎవరైనా ఎగతాళి చేస్తే నమ్మకండి, మధురలోనే ఉన్నాడు. జనవరి 26ను కూడినా ఎనిమిదే. 1950లో తమ సలహా అడక్కుండానే దేశం గణతంత్రమైపోయింది, ఏం చేస్తాం!

ఇప్పుడు తమ కటాక్షం కాన్పుగది దాకా వచ్చింది. పదిహేడున పుట్టేలా ఉన్న బిడ్డను పదిహేనునే తీయించి, శని నోట్లోంచి లాగి శుక్రుడి ఒళ్లో పెడుతున్నారు. నెలలు పూర్తిగా నిండకుండా తీసిన బిడ్డకు ఊపిరి అందడంలో ఇబ్బంది ఎక్కువని డాక్టర్లు అంటారు, వాళ్లకేం తెలుసు? అద్దాలపెట్టెలో ఉన్నా అదృష్టజాతకుడే కదా! కోత తల్లికి, దక్షిణ తమకు, బిల్లు ఇంటాయనకు: ఎవరి వాటా వాళ్లకు పంచడంలోనూ తమ లెక్క తప్పదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవైకి పైగా కాన్పులు సిజేరియన్లే. దేశంలో ఇదే ఎక్కువ. అందులో తమ వంతు ఎంతో సర్వేవాళ్లు విడిగా లెక్కగట్టలేదు. అది తమకు జరిగిన అన్యాయం.

స్వామీ, చివరగా ఒక్క విన్నపం. ఈసారి ఏ గర్భిణి ఇంటివాళ్లకైనా మంచి తేదీ రాసిచ్చేముందు, ఎన్ని వారాలు నిండాయో కాస్త అడగండి. అదీ అంకే కదా.