డేగ వచ్చిందని ఉడుత చెప్పాలి

గోదావరి జిల్లాలో ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారు. పెంకుటిల్లు, పెరట్లో వేపచెట్టు, మెళ్ళో జానెడు పొడుగు లెన్సున్న కెమెరా. ఊళ్ళోవాళ్ళు ఆకాశంలోకి చెయ్యి చూపించి ‘అదిగోనండీ మీ డేగ’ అంటూంటారు. చూపించేది ప్రతిసారీ గద్దనే. తోక చివర నొక్కు పడి, తీరిగ్గా గిరికీలు కొట్టేది గద్ద. మాస్టారికి కావలసిన జాలెడేగ అలా ఊరేగదు. దాదాపు పావురమంత ఉంటుంది. పొట్టి రెక్కలు, పొడుగు తోక. కొమ్మల సందుల్లోంచి దూసుకుపోవడానికే ఆ కొలతలు.

అది పెరట్లోకి వచ్చిన సంగతి ముందు ఉడుతకి తెలుస్తుంది. కొమ్మకి అతుక్కుపోయి, తోక ఆడిస్తూ ఒకటే అరుపు. వెంటనే గోరింకలు అందుకుంటాయి. కోడి పిల్లల్ని రెక్కల కిందకి లాక్కుంటుంది. పసులపోలిగాడికైతే బొత్తిగా భయం లేదు, డేగ వీపు మీదే పడి తరుముతుంది. ఇంత అల్లరయ్యాక వంటింట్లోంచి ‘ఏవండీ, మీ చుట్టం వచ్చినట్టుంది’ అని కబురు. ఆ తర్వాత మాస్టారు కళ్ళజోడు వెతుక్కుంటారు.

ఓపిగ్గా కూర్చున్ననాడు మాత్రం డేగ నిండుగా కనిపిస్తుంది. మగదాని కళ్ళు ఎర్రగా, రాత్రంతా నిద్రలేనట్టు ఉంటాయి. ఆడదాని కళ్ళు పసుపు. పైగా ఆడదే ఒడ్డూ పొడుగూ ఉన్న పిట్ట, కాబట్టి డేగల కాపురంలో పెద్దరికం గురించి తగవుండదనుకోవాలి. కాలి కింద తొండని నొక్కిపెట్టి, ముక్క ముక్కకీ అటూ ఇటూ చూపు తిప్పుతూ తింటుంది. తిన్నాక ముక్కుని కొమ్మకేసి రెండు వైపులా తుడుచుకుంటుంది. చెయ్యి కడుక్కోకుండా పేపరు ముట్టుకునే మాస్టారి మీద ఈ విషయం ఇంట్లో అప్పుడప్పుడూ ప్రయోగిస్తారు.

ఎగిరే ఫొటో కావాలంటే షట్టరు 1/2000 సెకను దగ్గర పెట్టుకుని కాచుకోవాలి. ఎప్పుడు ఎగురుతుందో చెప్పే గుర్తు ఒకటుంది, కాస్త మొహమాటమైనది. ఇలాంటి పిట్టలు తరచు కొంచెం ముందుకి వంగి, తోకెత్తి, రెట్ట వేసి మరీ బయల్దేరతాయి. అది చూడగానే మీట నొక్కాలి. చాలాసార్లు రెట్ట చక్కగా పడుతుంది, డేగ పడదు. లేదా వేపాకు ఈనెలతో సహా స్పష్టంగా వచ్చి, వెనక బూడిదరంగు మరక ఒకటి మిగులుతుంది.

దీనికి తోడు ఓ దొంగవేషగాడు. ఉత్తరాదివాళ్ళు పపీహా అనే కోయిల జాతి పిట్ట రంగులోనూ, ఎగిరే తీరులోనూ అచ్చం జాలెడేగే. చిన్న పిట్టలు కూడా బెదిరి గోలచేస్తాయి. ముక్కు చూస్తేగాని గుట్టు బయటపడదు: డేగకున్న కొక్కెం దీనికుండదు.

పక్షుల పిచ్చి ఉన్నట్టు తెలిశాక ఊరు ఊరికే ఉండదు. “డేగ ఫొటోనా మాస్టారూ? మా తమ్ముడి దగ్గర మంచి డేగ ఉందండీ. పోయిన సంక్రాంతికి రెండు పందేలు కొట్టింది” అని పందెం పుంజుని చంకన పెట్టుకొచ్చినవాళ్ళూ ఉన్నారు. కాదనడానికి వీల్లేక దానికీ ఫొటో తీశారు. కదలకుండా నిలబడింది, పాపం.

వరికోతలయ్యాక మాస్టారి మకాం చేలగట్టు మీదకి మారుతుంది. అక్కడ తెల్లటి ఒళ్ళు, భుజాన నల్లమచ్చ ఉన్న చిన్న గద్ద కరెంటు తీగ మీంచి లేచి, గాల్లో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడి ఎలకల కోసం వెతుకుతుంది. ఫొటోగాళ్ళ పాలిట పుణ్యాత్మురాలు. దానికోసం మూడుకాళ్ళ స్టాండు వేసి అటు గురిపెట్టేసరికి, నాలుగు చేల అవతల్నించి ఓ రైతు పాస్‌బుక్కు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

“సర్వేనా అండీ?”

పిట్టనండీ అంటే నమ్మలేదు. గద్దని చూపించాక నమ్మి, నీరసపడ్డాడు.

“పోనీలెండి, ఎలాగూ పెట్టారు కదా... ఆ గొట్టంలోంచి ఒక్కసారి చూసి చెప్పండి. గట్టు మా పక్కచేనోడు ఇటు జరిపాడా, లేదా?”