కదలకండి, ఇంకా కాలేదు

ప్రతి బంధువర్గంలోనూ ఒకడుంటాడు. పెళ్లికొచ్చినా, పరామర్శకొచ్చినా ఆయన చొక్కా జేబు ఒకవైపు కిందికి వేలాడుతూ ఉంటుంది. అందులో సబ్బుపెట్టెంత వస్తువు, దానికో నల్లతాడు, ఆ తాడు మణికట్టుకి. పలకరింపులు పూర్తవకముందే చెయ్యి జేబులోకి పోతుంది. అప్పటిదాకా తీరిగ్గా కూర్చున్న మనుషులకి ఒక్కసారిగా పనులు గుర్తొస్తాయి. ఒకరు మంచినీళ్లకని వంటింట్లోకి, ఇంకొకరు ఫోనొచ్చిందని వీధిలోకి. మా వైపు ఆ ఒకడు మా రెండో మేనమామ.

ఉండేది పాల్వంచలో. అటవీశాఖ ఆఫీసులో ముప్పయ్యేళ్లు గుమస్తాగిరీ చేశాడు. అన్నేళ్లూ ఆయన చూసిన అడవంతా ఫైళ్లలోనే ఉంది. ఇన్ని తునికాకు కట్టలు, ఇన్ని వెదురు బొంగులు, ఇంత టేకు, కింద సంతకం. 2009లో రిటైరయ్యాడు. చేతికొచ్చిన డబ్బులో మొదటి ఖర్చు అత్తయ్య గాజులకేనని ఇంటిల్లిపాదీ నమ్మాం. ఆయన పొద్దున్నే బస్సెక్కి ఖమ్మం వచ్చి, మా ఇంటి ముందు నుంచే నడుచుకుంటూ పోయి, కెమెరా కొనుక్కుని మళ్లీ బస్సెక్కాడు. కెనాన్ పవర్‌షాట్ ఏ480. 10 మెగాపిక్సెళ్లు, 3.3 రెట్ల జూమ్, రెండు పెన్సిల్ సెల్లులు. ఈ అంకెలు మా ఇంట్లో పిల్లలకి ఎక్కాలకంటే ముందొచ్చాయి. అత్తయ్య మాత్రం ఆ కెమెరాను ఇప్పటికీ కెమెరా అనదు. "నా గాజులేవీ, జేబులో ఉన్నాయా?" అంటుంది.

ఆ కెమెరాకి ఓ పద్ధతుంది. బొత్తాం ముందు సగం నొక్కాలి. అది కాసేపు ఆలోచించుకుని, కుయ్ కుయ్ అని, తెరమీద ఆకుపచ్చ గడి చూపిస్తుంది. అప్పుడు పూర్తిగా నొక్కాలి. మామయ్యకి సగం నొక్కడం తెలియదు. కాలింగ్ బెల్లు నొక్కినట్టు ఒకే నొక్కు. ఆ తర్వాత ముందున్న బుల్లి దీపం నారింజ రంగులో వెలుగుతుంది. ఎందుకంటే, చీకట్లో మన కనుపాపలు బాగా విచ్చుకుని ఉంటాయి. ఉన్నట్టుండి ఫ్లాషు పడితే ఆ వెలుగు కంటి వెనక రక్తనాళాల మీద పడి తిరిగొచ్చి ఫోటోలో గుడ్లు ఎర్రగా కనిపిస్తాయి. ముందు ఈ దీపం చూపిస్తే కనుపాపలు కాస్త ముడుచుకుంటాయి. శాస్త్రం బాగానే ఉంది. జనానికి ఆ శాస్త్రం తెలియదే! దీపం వెలిగింది, పనైపోయిందనుకుంటారు. బిగబట్టిన పొట్టలు వదిలేస్తారు. నవ్వు దించేసి పక్కవాణ్ని మోచేత్తో పొడుస్తారు. ముక్కు గోక్కుంటారు. సరిగ్గా అప్పుడు ఫ్లాషు పడుతుంది.

"కదలకండి, ఇంకా కాలేదు" అని మామయ్య అరిచేది ఆ తర్వాత.

అమెరికాలో కోడక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ 1975లో మొట్టమొదటి డిజిటల్ కెమెరా తయారుచేసినప్పుడు అది మూడున్నర కిలోల పైచిలుకు బరువుండేదట. ఒక్క బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేదట. ఈ సంగతి మామయ్యకి చెప్పి పెద్ద తప్పు చేశాను. "చూశావా అల్లుడూ, ఆ లెక్కన నాది రాకెట్టు" అన్నాడు. అప్పట్నుంచి ఫోటో ఆలస్యమైందని ఎవరైనా విసుక్కుంటే వాళ్లకి 1975 నుంచి మొదలుపెట్టి చెబుతున్నాడు.

సెల్లుల భాగోతం వేరే. మామూలు పెన్సిల్ సెల్లులు నాలుగు ఫ్లాషులకే నీరసపడతాయి. తీసి అరచేతుల మధ్య రుద్దుతాడు. ఎండలో పెడతాడు. పంటికింద పెట్టి నొక్కుతాడు. రేడియోల కాలం నుంచి వచ్చిన వైద్యమది. ముక్కోటి ఏకాదశికి తెల్లవారుజామున ఉత్తర ద్వార దర్శనం కోసం భద్రాచలంలో చలికి వణుకుతూ నిలబడితే, ఆయన సెల్లులు రెండూ బనీను లోపల పెట్టుకుని ఉన్నాడు. చలికి సెల్లు నీరసపడుతుందన్న మాట నిజమే, కాదనను. కానీ మఫ్లరు చుట్టాల్సింది మనిషికి కదా? తర్వాత తర్వాత ఛార్జింగ్ సెల్లులు కొన్నాడు. ఇక ఎవరింటికెళ్లినా చెప్పులు విప్పకముందే ప్లగ్గు వెతకడం మొదలైంది. 2011లో నా పెళ్లిలో మంగళాష్టకాల మధ్యలో మైకు ఆగిపోయింది. పంతులుగారు ఒక శ్లోకం గాల్లోకే చదివారు. కరెంటు పోయిందేమోనని అందరూ పైకి చూస్తే ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. మైకు ప్లగ్గు నేలమీద ఉంది. దాని చోట్లో ఛార్జరు, ఎర్రగా కన్ను మిటకరిస్తూ.

ఆ పెళ్లి ఫోటోల సంగతి చెప్పకుండా వదలను, ఇన్నేళ్లుగా దాచుకున్న కసి. స్టూడియోవాళ్లు చేసిన కరిజ్మా ఆల్బమ్ పది కిలోలుంటుంది. అందులో అందరం గులాబీ రంగులో మెరుస్తూ, వెనక ఎవరూ చూడని జలపాతాలతో నవ్వుతూనే ఉంటాం. ఎవరూ తెరవరు, బీరువా మీద ఉంటుంది. మామయ్య తీసినవి నలభై రెండు. ఒకదాంట్లో నా బాసికం చెవి మీదికి జారింది, నేను ఆవలిస్తున్నాను. ఒకదాంట్లో మా నాన్న వంటవాడికివ్వాల్సిన డబ్బు లెక్కపెడుతూ పెదవి కొరుక్కుంటున్నాడు. జీలకర్ర బెల్లం ఫోటోలో మా ఆవిడ నా వైపు చూస్తున్న చూపుందే, అది అప్పుడే పెళ్లయిన మనిషి చూపు కాదు, పదేళ్ల తర్వాతది. ఇంట్లో మాటామాటా వచ్చినప్పుడల్లా ఆమె ఆ ఫోటో తెచ్చి ముందు పెడుతుంది. "నేను ఆరోజే చెప్పాను, మీరే చూసుకోలేదు" అంటుంది.

మామయ్యకి కెమెరా కొన్నాకే అడవి చూడాలనిపించింది. వారం తిరక్కుండా కిన్నెరసాని వెళ్లాడు, నన్ను వెంటబెట్టుకుని. రిజర్వాయరులో మొసళ్లున్నాయి, అది నిజం. అవతలి ఒడ్డున ఏదో నల్లగా కనిపించింది. జూమ్ మీట నొక్కాడు. 3.3 రెట్లు అయిపోయాక ఇంకా నొక్కుతూనే ఉన్నాడు, 13 దాకా పోయింది. ఆ పైన వచ్చేది డిజిటల్ జూమ్. అంటే అద్దం దగ్గరికి తెచ్చేదేమీ ఉండదు, ఉన్న చుక్కనే సాగదీసి చూపించడం. గంజిలో నీళ్లు పోసుకుంటూ పోవడం లాంటిది. తెరమీద నల్లటి గళ్లు నాలుగు వచ్చాయి. "మొసలి" అన్నాడు. నాకు దుంగలా కనిపించింది. ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాడికీ అది చూపించి "ఇదెవరో చెప్పుకో" అంటాడు. ఒకసారి ఓ పెద్దాయన "మీ నాన్నగారా?" అన్నాడు.

తెప్పోత్సవం ఫోటోలూ అంతే. గోదావరి మీద హంస వాహనంలో రాముడు, చుట్టూ దీపాలు, పైన బాణసంచా. ఆ ఫ్లాషు వెలుగు మహా అయితే మూడు మీటర్లు పోతుంది. నది మధ్య ఉన్న హంస దాకా ఏం పోతుంది? పన్నెండు ఫోటోల్లోనూ ముందు వరుసలోవాళ్ల బట్టతలలే, పున్నమి చంద్రుల్లా. 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు మామయ్య భద్రాచలంలో చుట్టాలింట్లో చిక్కుకుపోయాడు. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారక్కడ. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత అంత నీరు చూడలేదని ఊరంతా వణికిపోతుంటే ఈయన కరకట్ట దాకా పోయి నీటిమట్టం స్కేలుని ఫోటో తీశాడు. "రుజువు ఉండాలి కదా" అంటాడు. ఆ రుజువులో ఒక గొడుగు ఉంది. గొడుగు పట్టుకున్నాయన చెవి ఉంది. స్కేలు లేదు.

గుడి లోపలికి కెమెరా పోనివ్వరు. అక్కడ మామయ్య పడే యాతన చూడాలి. కౌంటర్లో ఇచ్చి టోకెన్ తీసుకుంటాడు, నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తాడు, పిల్లాణ్ని మొదటిరోజు బడిలో వదిలినట్టు. సీతారామలక్ష్మణుల ముందు కళ్లు మూసుకున్నా చొక్కా జేబు మీద చెయ్యి ఉంటుంది. రామదాసు చేయించిన చింతాకు పతకం చూపిస్తూ పక్కవాళ్లు దండం పెడుతుంటే ఈయన "టోకెన్ నంబరు ఎంతరా, 64 కదా?" అంటాడు.

ఇంతా తిట్టాక ఒక మాట చెప్పకపోతే పాపం. పాపికొండలు చూద్దామని ఓసారి అందరం బయల్దేరాం. భద్రాచలం ఊరు దాటితే చాలు ఇప్పుడు రాష్ట్రం మారిపోతుంది, 2014లో అవతలి మండలాలు పక్క రాష్ట్రంలో కలిశాయి. స్వాగతం బోర్డు కనిపించినప్పుడల్లా జీపు ఆపించి అందర్నీ దింపాడు మామయ్య. పోచవరంలో లాంచీ ఎక్కాలి, ఆలస్యమైపోతోందని నేను పళ్లు నూరుతున్నాను. దారిలో ఒక సంత. చింతపండు, చీపుర్లు, ఎండిన ఇప్పపువ్వు కుప్పలు. ఒక కోయ ముసలమ్మ ఇప్పపువ్వు గంప ముందు కూర్చుని ఉంది. చాలామంది లాగా అడక్కుండా మొహం మీద కెమెరా పెట్టలేదు మామయ్య. వంగి "అమ్మా, ఒక ఫోటో తీసుకోనా?" అన్నాడు. ఆమె ఒప్పుకుంది, కొంగు సవరించుకుని బిర్రబిగుసుకుని కూర్చుంది. నారింజ దీపం వెలిగింది. అయిపోయిందనుకుని ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టి జారిన ముడి చుట్టుకుంటూ పక్కావిడతో ఏదో అని నవ్వింది. ఫ్లాషు. "నాకియ్యవా?" అంది.

"ఇస్తానమ్మా" అన్నాడు మామయ్య. ఇలాంటి మాటలు మనం రోజుకి పది ఇస్తాం. ఆయన మరుసటి వారం భద్రాచలంలో ప్రింటు కొట్టించి, ఒక్కడే బస్సు పట్టుకుని ఆ సంతకి పోయాడు. ఆమె ఆ వారం రాలేదు. ఆపై వారం మళ్లీ పోయాడు. ఫోటో చేతిలో పెట్టుకుని ఆమె చాలాసేపు చూసిందట. "నా ముడి ఎనకనుంచి ఎట్లుంటదో నాకు తెల్వది. ముందలనుంచి చూస్తే చేతులు మా అమ్మ చేతులే" అందట. ఇంత కథా మామయ్య చెప్పలేదు. గుప్పెడు ఇప్పపువ్వు ఇంటికి తెచ్చినందుకు కోప్పడుతూ అత్తయ్య చెప్పింది.

తర్వాత కాలం మారింది. జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్కల ప్రకారం 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్లోకి వెళ్లాయి, వాటిలో ఎక్కువ భాగం ఈ సబ్బుపెట్టెలే. 2023కి ఈ రకం 20 లక్షల లోపుకు పడిపోయింది. మిగతాది ఫోను మింగేసింది. మామయ్యని చూసి మేం బాహాటంగానే నవ్వేవాళ్లం. ఆయన కెమెరాలో నంబరు 9999 దాటి మళ్లీ 0001 నుంచి మొదలైనరోజు, రామకోటి పూర్తిచేసినవాడిలా లడ్డూలు పంచితే అవి తింటూ కూడా నవ్వాం. మొన్న దసరాకి హైదరాబాదు హాస్టల్ నుంచి మా అక్క కూతురు వచ్చింది. వచ్చీరాగానే "తాతయ్యా, నీ డిజీక్యామ్ ఒక్క రోజు ఇవ్వవా? మా క్లాసులో అందరూ పాతవి వెతుక్కుంటున్నారు, ఫ్లాషు భలే పడుతుంది" అంది. మామయ్య మా వైపు చూసిన చూపు వర్ణించను. ఇచ్చాడు, నాలుగు షరతుల మీద. నాలుగోది, బొత్తాం సగం నొక్కడం నేర్పాలని.

అమ్మమ్మ పోయినప్పుడు ఫ్రేము కట్టించడానికి ఫోటో కావాల్సి వచ్చింది. నా ఫోనులో పద్నాలుగు వేల ఫోటోలున్నాయి. నేను తిన్న ఇడ్లీలున్నాయి, కరెంటు బిల్లులున్నాయి, పార్కింగులో బండి పెట్టిన స్తంభం నంబర్లున్నాయి. అమ్మమ్మ ఉన్నవన్నీ సెల్ఫీలు. నా చెంప నిండుగా ఉంటుంది, ఆమె ఒక కన్నూ సగం ముక్కూ ఉంటుంది. చివరికి మామయ్య పాత సీడీలో దొరికింది. పర్ణశాలలో సీతమ్మ చీర ఆరేసిన గీతలంటారే, ఆ వాగు ఒడ్డున నిలబెట్టి తీశాడు. దీపం వెలిగాక, ఫ్లాషుకి ముందు, కళ్లు చికిలించి ముందుకి వంగి "అయిపోయిందా?" అంటోంది. నోరు ఆ మాట దగ్గరే తెరుచుకుని ఉంది. దండ వేసినా, అగరొత్తులు వెలిగించినా గోడ మీంచి అదే అడుగుతూ ఉంటుంది. పెద్దకర్మనాడు భోజనాలు ఆలస్యమైతే అందరూ ఆ ఫోటో వైపు చూసి గబగబా లేచారు.

పోయిన నెల పాల్వంచ వెళ్లాను. మామయ్యకి చెయ్యి వణుకుతోంది. ఆ కెమెరాలో వణుకు సర్దే ఏర్పాటు లేదు, అందుకని గడపకి ఆనుకుని తీస్తున్నాడు. "మీ అమ్మమ్మవి నీ ఫోన్లో ఉన్నాయన్నావుగా, చూపించు" అన్నాడు. వెతకడం మొదలుపెట్టాను. ఇడ్లీలు, బిల్లులు, స్తంభాలు. వేలితో పైకి తోస్తూనే ఉన్నాను. ఎదురుగా నారింజ రంగు దీపం వెలిగింది. తలెత్తి, చొక్కా సర్దుకుని, పళ్లు కనిపించేలా నవ్వాను. దీపం ఆరింది. మళ్లీ తల దించి ఫోన్లోకి పోయాను.

కాసేపటికి అడిగాను, "తీశావా మామయ్యా?"

"ఎప్పుడో" అన్నాడు, సెల్లులు తీసి అరచేతుల మధ్య రుద్దుకుంటూ.