గీత నడుమ గీత: ఒక ఎన్‌కోడర్ పద్యానికి టీకా తాత్పర్యం

సైను తోడ నడచు సహచరి కోసైను
మధ్య రేఖ దిద్ది మట్టు చూచి
ఎత్తు సమము గూర్చి యెడము పాదము చేసి
పిదప గీత నడుమ పెట్టు గీత!

అవతారిక: సర్వో మోటారు ప్యానెల్ తలుపు లోపలివైపు స్కెచ్ పెన్నుతో రాసి ఉన్న ఆటవెలది ఇది. కవి పేరు లేదు. పక్కనున్న గ్రీజు వేలిముద్రను బట్టి మెకానిక్ అని ఊహ. దీనికి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వ్యాఖ్యాతలు ముగ్గురున్నారు. ఒకరి మాట ఒకరికి పడదు.

ప్రతిపదార్థం: సైను తోడ నడచు = సైను తరంగంతో కలిసి నడిచే; సహచరి కోసైను = జంట తరంగమైన కోసైను (‘ఈ రెంటికిని’ అని అధ్యాహారం); మధ్య రేఖ దిద్ది = ఆఫ్‌సెట్ తీసేసి; మట్టు చూచి = శిఖరం నుంచి లోయ దాకా 1 వోల్టు ఉందో లేదో చూసి; ఎత్తు సమము గూర్చి = ఆంప్లిట్యూడ్లు సమం చేసి; యెడము పాదము చేసి = రెంటి ఎడం నాలుగో వంతు వృత్తం, అనగా 90 డిగ్రీలు చేసి; పిదప = ఇవన్నీ అయ్యాకే; గీత నడుమ గీత పెట్టు = ఎన్‌కోడర్ చక్రం మీది గీతల నడుమ లెక్కతో గీతలు పెట్టుము, అనగా ఇంటర్‌పొలేషన్ చేయుము.

టీక: ‘సైను’ అన్యదేశ్యమని ముఖం చిట్లించనక్కర్లేదు. ఆర్యభటుడు 499లో పట్టిక కట్టిన ‘జ్యా’యే అరబ్బుల నోట ‘జీబా’ అయి, లాటిన్ అనువాదకుల పొరపాటున ‘సైనస్’ అయి, సైను పేరుతో పుట్టింటికి తిరిగొచ్చింది.

‘సహచరి’ ఎందుకు? ఒంటరి సైను ఒకే ఎత్తును ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి తాకుతుంది. చక్రం ఎక్కడున్నదీ తేలదు. పక్కన కోసైను ఉంటే రెంటి ధన, రుణ గుర్తులను బట్టి పాదం తెలుస్తుంది, రెంటి నిష్పత్తిని బట్టి కోణం తెలుస్తుంది.

‘మధ్య రేఖ’ దగ్గర జగిత్యాల వ్యాఖ్యాత మామిడి మార్కెట్‌ను తలచుకుంటాడు: “ముందుగాల ఉత్త తక్కెడ చూసినవా? పాసంగం ఉంటే ఎన్ని కాయలు జోకితే ఏం లాభం?” నిజమే. అర వోల్టు ఆంప్లిట్యూడ్ మీద 5 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ ఉంటే చాలు, గీతను 4,096 భాగాలు చేసినచోట స్థానం సుమారు ఆరున్నర భాగాలు అటూ ఇటూ ఊగుతుంది. గీతకొక్కసారి ఊగుతుంది.

‘ఎత్తు సమము’ కోరుట్ల వ్యాఖ్యాత సొత్తు: “రేకు పెట్టి కత్తిరిస్తేనే బీడీ ఆకులన్నీ ఒక్క తీరుగుంటయి.” ఆసిలోస్కోపులో ఒక తరంగాన్ని అడ్డంగా, ఇంకొకదాన్ని నిలువుగా పెడితే గుండ్రని వలయం కనబడాలి. ఎత్తులు తేడా అయితే అది కోడిగుడ్డు.

‘యెడము పాదము’ అనగానే సిరిసిల్ల వ్యాఖ్యాత లేస్తాడు: “సాంచా మీద పడుగు నోరు తెరిసినంకనే నాడె ఉరకాలె. జర ముందైనా ఎనకైనా పోగులు పటపట తెగుతయి.” ఎడం తప్పితే గుడ్డు పక్కకు వాలుతుంది. ఈ రెండు దోషాలూ గీతకు రెండేసిసార్లు ఊపుతాయి. మోటారును ఒకే వేగంతో తిప్పి ఊపులు లెక్కపెడితే, దొంగ మధ్య రేఖలో ఉన్నాడో మిగతా ఇద్దరిలో ఉన్నాడో తెలిసిపోతుంది.

‘చూచి ఎత్తు’ అనేచోట యడాగమం చేయకుండా వదిలేశాడు కవి. కేబుల్ షీల్డుకు ఎర్తు వదిలేయలేదు, సంతోషం.

పూర్వపక్షం: 2,048 గీతల చక్రానికి 4,096 భాగాలు పెడితే చుట్టుకు 83,88,608 లెక్కలొస్తాయి. ఇంత సూక్ష్మం ఉండగా మధ్య రేఖ గొడవెందుకు?

సమాధానం: ‘పిదప’ అన్న మాట చదవలేదన్నమాట. వంకర వలయాన్ని ఎన్ని ముక్కలు చేసినా అన్నీ వంకర ముక్కలే. లెక్క పెరిగింది, నిజం పెరగలేదు.

విశేషం: కావ్యంలో గీత నడుమ గీత పెడితే ప్రక్షిప్తమంటారు. మెదక్ సీమ కోల్చారం వాడైన మల్లినాథసూరి, మూలంలో ఆధారం లేనిది రాయనని ఒట్టు పెట్టుకుని వ్యాఖ్యానాలు రాశాడు. బ్రహ్మగుప్తుడు మాత్రం 665 నాటి ఖండఖాద్యకంలో జ్యా పట్టిక అంకెల నడుమ లేని అంకెలను పట్టే సూత్రమే చెప్పాడు. ఇద్దరికీ విరోధం లేదు. బ్రహ్మగుప్తుడు పెట్టిన అంకె పక్క అంకెల ఆధారంతో పుట్టింది, కాబట్టి మల్లినాథుడి ఒట్టుకు భంగం రాదు. మోటారును నడిపే డ్రైవ్ పెట్టే గీత కూడా అంతే: రెండు తరంగాలూ శుద్ధంగా ఉంటే వ్యాఖ్య, లేకుంటే ప్రక్షిప్తం.

అలంకారం: ప్యానెల్ మీద ఎర్ర దీపం వెలగకపోవడమే.

తాత్పర్యం: ముందు మధ్య రేఖ, తర్వాత ఎత్తులు, ఆ తర్వాత ఎడం సరిచేసి, వలయం గుండ్రంగా వచ్చాకే ఇంటర్‌పొలేషన్ అంకె వేయాలి. వేశాక మోటారును మెల్లగా తిప్పి చూడాలి. కదలిక వణికితే అంకె పెంచవద్దు. పద్యం రెండో పాదం నుంచి మళ్లీ చదువుకోవాలి.