మునిర్కాలో ఉయ్యాల వ్రతవిధానం

అట్లతద్ది నాడు ఉయ్యాల ఊగాలి. ఇందులో చర్చ లేదు. మన ఊళ్లో అయితే వేప కొమ్మకో చింత కొమ్మకో మోకు వేసేస్తారు. తెల్లారకముందే చద్దన్నం, గోంగూర పచ్చడి తిన్న ఆడపిల్లలు వంతులవారీగా ఊగుతారు. ఢిల్లీ మునిర్కాలో చెట్టు కావాలంటే రోడ్డు దాటి జేఎన్‌యూలోకి వెళ్లాలి. తెల్లవారుజామున నాలుగింటికి పదిమంది ఆడవాళ్లు, ఒక మోకు, ఒక పీట, గేటు దగ్గర టార్చిలైటుతో గార్డు. ఆ సన్నివేశం మనకొద్దు. అందుకని ఉయ్యాల ఇంట్లోనే కట్టాలి. ఎలా కట్టాలో చెప్పే అర్హత నాకు పుష్కలంగా ఉంది. ఈ సందుల్లో చాలాకాలంగా అద్దెకుంటున్నాను, పైగా నేను ఉయ్యాల ఎక్కను.

ముందుగా ఇంటివాళ్ల సంగతి. మునిర్కా పాత జాట్ల ఊరు, టోకస్ గోత్రం వాళ్లది. శ్రావణంలో తీజ్ వస్తే వాళ్ల ఆడవాళ్లూ ఉయ్యాలలు కట్టుకుని పాటలు పాడతారు. ఉయ్యాల మాట వింటే ఓనరు తల్లి మురిసిపోతుందని మీరు ఆవిడను పైకి పిలిచారో, చెడ్డారే! చిన్నప్పటినుంచీ ఉయ్యాల తాళ్లు చూసిన మనిషి. కొంగు బిగించి ఒకసారి కిందికి లాగి చూస్తుంది. పైన దేనికి కట్టావు బేటా అని అడుగుతుంది. తెలిసినవాళ్లను దూరంగా పెట్టడమే మన పద్ధతిలో మొదటి మెట్టు.

ఇక ఖర్చు. ఉన్న డబ్బంతా బల్ల మీదే పెట్టండి. టేకు బల్ల, అంచులకు ఇత్తడి పువ్వులు, వీలైతే వెనక చిలకలు. వచ్చినవాళ్లు చూసేది బల్లనే. పైన కొక్కేనికీ గొలుసుకీ మధ్య ఉండే వేలెడంత ఇనుపముక్కను మెడెత్తి చూసినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఎవరూ చూడనిదాని మీద డబ్బు తగలేసేవాడు సంసారి కాడు.

గొలుసు కోసం పాతఢిల్లీలో చావ్డీ బజారుకో జీబీ రోడ్డుకో పోనక్కర్లేదు. సందు చివర హార్డ్‌వేర్ కొట్టు చాలు. గొలుసును కిలోల లెక్కన తూస్తారు కాబట్టి సన్నది అడగండి. అదే కిలోకి ఎక్కువ అడుగులొస్తాయి. అందులోనూ రెండు రకాలు. ఒకదాంట్లో ప్రతి కడియానికీ అతుకు దగ్గర వెల్డు ఉంటుంది. రెండోదాంట్లో తీగను వంచి చివర్లు దగ్గరికి నొక్కి వదిలేస్తారు. ఈ రెండోదే మనకు అనుకూలం, పొడవు తగ్గించాలంటే కటింగ్ ప్లేయరుతో కడియం విప్పేసుకోవచ్చు. మీ చేతికి విచ్చుకున్న కడియం ఇద్దరు మనుషుల బరువుకు తనంతట తనే విచ్చుకోదా అని అడిగేవాళ్లుంటారు. అటువంటివాళ్లను అట్లకు పిలవకండి.

గొలుసు కొన్నాక కనెక్టరు అడిగితే కొట్టువాడు ఒక రేకు డబ్బా ముందుకు తోస్తాడు. అందులో చెయ్యిపెట్టి కలియబెడితే డి షాకిళ్లు, ఎస్ కొక్కేలు, ఒక పక్క నట్టు తిప్పితే మూసుకునే క్విక్ లింకులు, తాళంచెవులకు తగిలించే రంగురంగుల కారబైనర్లు అన్నీ తగులుతాయి. కొన్నింటి ఒంటి మీద అక్షరాలు, అంకెలు పోతపోసి ఉంటాయి. డబ్ల్యూఎల్‌ఎల్ అని ఉండి పక్కన అంకె ఉంటే, ఇంత బరువు దాకా నన్ను వాడుకో అని ఆ వస్తువు మీతో చెబుతున్నట్టు. తెగే బరువు దానికి నాలుగైదు రెట్లు ఉండేలా చూసుకుని మరీ తయారీదారు ఆ అంకె వేస్తాడు. మనుషుల్ని మోసేచోట పదింతలు చూసుకునే జాగ్రత్తపరులూ ఉన్నారు. అంత చదువు మనకెందుకు? ఏ గుర్తూ లేనిది, బాగా మెరిసేది తీసుకోండి. కొట్టువాడు ‘చల్ జాయేగా’ అంటాడు. ఎంత బరువుకు అని అడిగి ఆయన్ని ఇబ్బంది పెట్టకండి.

నా ఓటు తాళంచెవుల కారబైనరుకే. ఎర్రది దొరికితే మరీ మంచిది, బల్ల మీది పువ్వులకు నప్పుతుంది. కొన్నింటి మీద ‘ఎక్కడానికి వాడరాదు’ అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. మనం ఎక్కడం లేదు, ఊగుతున్నాం.

క్విక్ లింకే కావాలని పట్టుబట్టేవాళ్లు దాని నట్టును సగం దాకా తిప్పి ఆపండి. వచ్చే ఏడు విప్పుకోవాలి కదా! నట్టు చివరిదాకా దిగితేనే ఆ లింకు నిండు కడియమవుతుంది. సగంలో ఆపితే అది ఒట్టి కొక్కెమే, బరువు పడేకొద్దీ నోరు తెరుస్తుంది. షాకిల్‌కు దాంతోపాటే ఒక పిన్ను ఇస్తారు, అది పోవడం ఆనవాయితీ. పోయినచోట డబ్బాలో దొరికిన ఏ బోల్టైనా దూర్చండి. పిన్నును ఒక తరగతి ఉక్కుతోనూ ఆ బోల్టును ఇంకొక తరగతితోనూ చేస్తారన్న పట్టింపు వద్దు. షాకిల్‌ను అడ్డంగా తగిలించినా ఫర్వాలేదు. పక్కనుంచి, అంటే నిలువుకు తొంభై డిగ్రీల్లో లాగితే దాని సామర్థ్యం సగానికి పడిపోతుందని తయారీదార్ల పట్టికల్లో ఉంటుంది. ఆ పట్టికలు కొట్టులో ఇవ్వరు, కాబట్టి మనకు వర్తించవు.

ఇక్కడ ఎవరో ఒకరు లెక్క తీస్తారు. మునిర్కాలో ఇదొక బెడద. జియా సరాయ్‌లో గేట్ పరీక్ష కోచింగుకు వెళ్లే కుర్రాడు ప్రతి మేడ మీదా ఒకడుంటాడు. వాడు కాగితం మీద గీసి ఏమంటాడంటే: 60 కిలోల మనిషి కదలకుండా కూర్చుంటే తాళ్ల మీద పడేది 60 కిలోలే. అదే మనిషి నిలువు నుంచి 60 డిగ్రీల దాకా ఊగి కిందికి వచ్చేటప్పుడు, అడుగున తాళ్ల మీద పడే లాగుడు దానికి రెట్టింపు, 120 కిలోలు. తాడు నేలకు సమాంతరమయ్యేదాకా ఊగితే మూడు రెట్లు, 180. అట్లతద్ది నాడు ఒక్కరే కూర్చుని మెల్లగా ఊగుతారా? ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, కింద ఉన్నవాళ్లు ‘ఇంకా, ఇంకా’ అంటుంటే గుంజీలు తీసి మరీ ఊగుతారు. కుర్రాడి లెక్క సరైనదే. వాడికి రెండు అట్లు ఎక్కువ వేసి నోరు మూయించండి.

గొలుసు మోత పడనివాళ్లు ఇనుప తాడు, అంటే వైర్ రోప్ తెచ్చుకుంటారు. దాన్ని కొక్కేనికి ముడి వేయలేం కాబట్టి క్లాంపులు కావాలి. నా ప్రతిభంతా ఇక్కడే బయటపడుతుంది.

క్లాంపును అరచేతిలో పెట్టుకుని చూడండి. యూ ఆకారంలో వంచిన బోల్టు, దాని రెండు కాళ్లకూ కలిపి తొడిగే చిన్న దిమ్మ, రెండు నట్లు, అంతే. దిమ్మ లోపలివైపు తాడు మెలికలు ఒదిగేలా గాడులుంటాయి. యూ బోల్టుకు అవేమీ ఉండవు, అది నున్నటి గుండ్రటి కడ్డీ. తాడును కొక్కెంలోంచి తిప్పి వెనక్కి తెస్తే రెండు పోగులు పక్కపక్కన పడతాయి. ఒకటి బరువు మోసే తాడు, రెండోది తోక. దిమ్మ బరువు తాడు మీద కూర్చోవాలనీ, యూ బోల్టు తోకను నొక్కాలనీ రిగ్గింగ్ పనివాళ్ల నియమం. దిమ్మ వెడల్పుగా, ఒద్దికగా పట్టుకుంటుంది గనక తాడు నలగదు. యూ బోల్టు ఒక్కచోట కొరుకుతుంది. ఆ కొరికేదేదో బరువు లేని తోకనే కొరకనీ అని వాళ్ల ఉద్దేశం. ఎంత అన్యాయం! జేఎన్‌యూ పక్కన కాపురముంటూ ఆ మాత్రం సమానత్వం పాటించకపోతే ఎలా? అందుకని ఒక క్లాంపు అటు, ఒకటి ఇటు తిప్పి పెట్టండి. చూడ్డానికి జడ అల్లినట్టు ముచ్చటగా ఉంటుంది. అసలు తాడులో ఏ తీగలు నలిగాయో దిమ్మ కింద కనపడదు కూడా.

ఎన్ని పెట్టాలి? ఒకటి. సన్నతాడుకు రెండు చాలనే తయారీదార్లు కొందరు, ఎంత సన్నదైనా మూడుకు తగ్గొద్దనే యూరప్ ప్రమాణం ఇంకోపక్క. మన దేశంలోనూ వీటికి ఐఎస్ 2361 అని ఒక ప్రమాణం ఉంది, అందులో వీటి పేరు బుల్‌డాగ్ గ్రిప్పులు. వాళ్లలో వాళ్లకే రెండా మూడా అని తేలనప్పుడు మనం ఒకటితో సరిపెట్టుకోవడం మధ్యేమార్గం. మిగతా రెండూ కొనేసి ఉంటే మూడింటినీ ఒకదానికొకటి ఆనించి పెట్టండి. క్లాంపుకూ క్లాంపుకూ మధ్య తాడు మందానికి ఆరు రెట్ల ఎడం ఉండాలట. అంటే 6 మిల్లీమీటర్ల తాడుకు దాదాపు నాలుగు సెంటీమీటర్లు. తోక కూడా అందుకు తగ్గట్టు పొడుగ్గా మిగలాల్సి వస్తుంది. డబ్బిచ్చి కొన్న తాడు అంతంత వృథా చేస్తామా? తోక రెండంగుళాలు చాలు.

ఈ 6 మిల్లీమీటర్ల ఉక్కు తాడు తెగాలంటే దాదాపు రెండు టన్నులు కావాలి. క్లాంపులు నియమం ప్రకారం బిగిస్తే అందులో సుమారు 80 శాతం నిలుస్తుంది. ఎంత నిలుస్తుందో చెప్పలేని పద్ధతి మనది, అందులోనే ఉంది ఉత్కంఠ.

తాడు కొక్కెం చుట్టూ తిరిగేచోట లోపల థింబుల్ అని నీటిబొట్టు ఆకారంలో ఒక రేకు గాడి వేస్తారు. తాడు అక్కడ మడత పడి నలగకుండా అన్నమాట. అది తీసుకోకండి, కొక్కెం సన్నగా ఉంటే మడత అదే వస్తుంది. తాడు మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటే ఇంకా మేలు, దాని మీదే క్లాంపు బిగించండి. పట్టు తాడుకు కాక తొడుగుకు దొరుకుతుంది, కొన్నాళ్లకు తాడు తన తొడుగులోంచి మెల్లగా జారుకుంటుంది. క్లాంపు కిందమేర తొడుగు ఒలిచెయ్యమంటారు, అలా చేస్తే పచ్చరంగు పాడవుతుంది.

ఒకసారి బిగించాక పానా ఇంటివాళ్లకు తిరిగి ఇచ్చేయండి. మొదటిసారి బరువు పడగానే తాడు కాస్త సాగి సన్నబడుతుంది, దాంతో నట్లు వదులవుతాయి. అందుకే నాలుగు ఊపులయ్యాక మళ్లీ బిగించాలనీ, తర్వాత కూడా అడపాదడపా చూడాలనీ చెబుతారు. పండగపూట పానా పట్టుకుని నిచ్చెనెక్కితే బంధువులు ఏమనుకుంటారు?

పైన దేనికి తగిలించాలన్నది పెద్ద సమస్యేమీ కాదు. ఫ్యాను కొక్కెం ఉంది. నాలుగైదు కిలోల ఫ్యానును ఏళ్ల తరబడి మోసిన కొక్కెం ఇద్దరు ఆడపిల్లల్ని మోయదా? ఫ్యాను వేసిన చలవ కూడా వాళ్లు ఊగితే వస్తుంది. పాతింటి గదుల్లో ఇనుప గార్డర్ల మీద ఎర్రరాతి పలకలు పరిచిన కప్పులుంటాయి. గార్డరును వదిలేసి రాతి పలకకే డ్రిల్లు వేయండి. పలక చీలిందా, పై వాటా వంటగదిలో ఏం వండుతున్నారో తెలుసుకునే వీలుంటుంది.

మిగిలిన తాడుతో బట్టల తీగ కట్టుకోండి. మన సందుల్లో ఎదుటింటి గ్రిల్లు చేతికందేంత దూరమే. తీగను వీణ తంత్రిలా బిగించండి, వేలాడితే పరువు తక్కువ. చలికాలం చివర్లో ఉతికిన రజాయి నీళ్లతో పది కిలోలు తూగుతుందనుకుందాం. మూడు మీటర్ల తీగ మధ్యలో దాన్ని వేస్తే, తీగ మూడు సెంటీమీటర్లే కుంగేంత బిగువుగా ఉంటే, రెండు చివర్లలో క్లాంపుల మీద పడే లాగుడు 250 కిలోలు. అదే తీగను 30 సెంటీమీటర్లు కుంగనిస్తే 25 కిలోలే. పదోవంతు! ఈ సంగతి నాకు తెలిసినప్పటినుంచి సందులో బిగుతైన తీగల కింద నేను నడవను. మీరు మాత్రం బిగించండి.

మోర్బీ సంగతి ఎవరైనా ఎత్తుతారు. ఎత్తనివ్వాలి, దాని మీద నా దగ్గర చలోక్తులు లేవు. 2022 అక్టోబరు 30న గుజరాత్‌లో మచ్ఛూ నది మీది వేలాడే వంతెన తెగి 135 మంది చనిపోయారు. బాగుచేశామని తెరిచి అప్పటికి నాలుగు రోజులే. కర్ర పలకలు తీసేసి నేల అంతా కొత్త అల్యూమినియం పరిచారు. ప్రత్యేక దర్యాప్తు బృందం తెగిన ప్రధాన కేబులును చూస్తే 49 తీగల్లో 22 ముందే తుప్పుపట్టి ఉన్నాయి. వంతెనను పట్టుకుని వేలాడదీసే సస్పెండర్లలో పాతవాటికి కొత్తవి వెల్డు చేసి అతికించారు. జనం నడిచే పలకలు కొత్తవి, జనాన్ని మోసే తాళ్లు పాతవి. టేకు బల్ల మీదే డబ్బంతా పెట్టమని పైన చెప్పింది నేనే, గుర్తుందా?

సరే, ఉయ్యాల తయారైంది. పరీక్షించాలి. కొందరు పిరికివాళ్లు బియ్యం బస్తాలు పెట్టి చూస్తారు. 25 కిలోల దాకా సంచుల మీద 2022లో జీఎస్టీ వేసిన తర్వాత మన బస్తా 26 కిలోలయింది కదా, అలాంటివి నాలుగైదు బల్ల మీద కట్టి, దూరంగా నిలబడి తాడుతో ఊపి, రాత్రంతా అలాగే వదిలేసి, పొద్దున్నే ప్రతి నట్టూ, ప్రతి కడియమూ తడిమి చూస్తారట. ఢిల్లీలో సోనా మసూరి దొరకడమే గగనమైతే దాన్ని ఉయ్యాల ఎక్కిస్తారా? బావమరిది ఉన్నాడు. పండక్కి ఎలాగూ వస్తాడు, ఒళ్లు కూడా కాస్త చేసి ఉంటాడు. ‘నువ్వే ముందు ఎక్కాలి’ అంటే మర్యాద చేశారనుకుంటాడు.

మునిర్కాలో అద్దె అగ్రిమెంటు 11 నెలలకు రాస్తారు. నా పద్ధతిలో కట్టిన ఉయ్యాల అంతకు చాలా ముందే ఖాళీ చేస్తుంది. అది దిగే వేళకు కింద పిల్లలెవరూ లేకుండా చూసుకోండి. ఈ ఒక్క సలహానూ తిరగేసి చదవనక్కర్లేదు.