చల్లగాలి ఊరికే రాదు

హైదరాబాద్‌లో మే నెల ఆదివారం మాల్‌కు వెళ్లాలంటే కొనాల్సిన వస్తువంటూ ఉండనక్కర్లేదు. కరెంటు బిల్లు భయం ఉంటే చాలు. ఇంట్లో ఏసీ వేస్తే మన మీటరు తిరుగుతుంది, అక్కడైతే వాళ్లది తిరుగుతుంది అన్న లెక్కతో కుటుంబ సమేతంగా బయల్దేరతాం. ఎవరి మీటరు ఎంత తిరిగిందో సాయంత్రానికి బ్యాంకు మెసేజీలు చెబుతాయి.

అయినా మాల్‌ను ఆడిపోసుకోవడం అన్యాయం. ఈ మహానగరంలో కిందికి చూసుకోకుండా నాలుగడుగులు వేయగలిగిన చోటు అదే. బయట ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన మిర్చీ బండి, ఆ రెంటి సందులోంచి హారన్ కొడుతూ బైకు. లోపల మూత లేని మ్యాన్‌హోల్ ఒక్కటీ ఉండదు. పిల్లలు చేయి విడిపించుకుని పరిగెత్తినా గుండె గుభేలుమనదు. జేబు మాత్రం గుభేలుమంటుంది, ఎందుకంటే వాళ్లు పరిగెత్తేది గేమింగ్ జోన్ వైపే.

ఈ వైభోగానికి ఆద్యుడు విక్టర్ గ్రూయెన్. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను మింగేశాక వియన్నా వదిలి అమెరికా చేరిన ఆర్కిటెక్ట్. కారు దిగని అమెరికన్లకు వియన్నా వీధుల్లోలా నడుస్తూ, కూర్చుని కబుర్లాడుకునే చోటు కట్టివ్వాలని ముచ్చటపడ్డాడు. మిన్నెసోటా రాష్ట్రం ఈడైనాలో 1956లో తెరిచిన సౌత్‌డేల్ ఆ ముచ్చటే. పైకప్పుతో, ఏసీతో పూర్తిగా మూసి కట్టిన తొలి మాల్ అది. చుట్టూ ఇళ్లు, బడులు, పార్కు, చెరువు ఉండాలని కూడా ఆయన ప్లాను గీశాడు. తర్వాత దేశమంతా మాల్స్ కట్టిన వ్యాపారులు ఆ ప్లానును భక్తితో చదివి, దుకాణాలూ పార్కింగూ ఉన్న పేజీ మాత్రం చించుకుపోయారు. విసిగిపోయిన పెద్దాయన తిరిగి వియన్నా చేరాడు. 1976లో ఆ ఊరి శివార్లలోనూ ఓ భారీ షాపింగ్ సెంటర్ వెలిసింది.

లోపలికొచ్చిన మనిషి ఏం కొనడానికొచ్చాడో మరిచిపోయి తిరిగే స్థితిని నిపుణులు ఇప్పటికీ ఆయన పేరుతోనే, గ్రూయెన్ ట్రాన్స్‌ఫర్ అంటారు. అదేం మంత్రం కాదు. గడియారం కనిపించదు, కిటికీ ఉండదు, పైకెక్కిన ఎస్కలేటర్ పక్కనే దిగేది దొరకదు. అది అటు చివర ఉంటుంది. మధ్యలో చెప్పులు, సెల్‌ఫోన్లు, సెంటు సీసాలు. సినిమా, తిండి అన్నిటికంటే పైన. తిరుపతి క్యూలో గోవింద నామం ఉంటుంది, ఇక్కడ డిస్కౌంటు నామం.

జగిత్యాల నుంచి వచ్చిన మా పెద్దమ్మను ఓసారి తీసుకెళ్లాం. మల్టీప్లెక్స్ గుమ్మం దగ్గర గార్డు ఆమె సంచిలోంచి స్టీలు డబ్బా బయటికి తీశాడు.

"బాహర్ కా ఖానా అలౌడ్ నహీ, అమ్మా."

"గివి బాంబులా బిడ్డా? సకినాలు. నువ్వు గూడ రెండు తిను."

గార్డు మొహమాటంగా నవ్వి డబ్బాకు టోకెన్ ఇచ్చాడు. అతని తప్పేం లేదు. బయటి తిండిని ఆపే హక్కు థియేటర్ యజమానికి ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టే చెప్పింది. మంచినీళ్లు మాత్రం ఉచితంగా ఇవ్వాలంది. ఇచ్చారు కూడా. తినుబండారాల స్టాళ్లన్నీ దాటాక, వాష్‌రూమ్ పక్క మూలన, గ్లాసు లేకుండా.

పాప్‌కార్న్ ధర విని పెద్దమ్మ నోరు నొక్కుకుంది. "గిన్ని పైసలకు మా ఊర్ల అర బస్తా మక్కలొస్తయ్ కొడుకా!" మక్కలు వేరు, పాప్‌కార్న్ వేరు పెద్దమ్మా. దాని కోసం దేశ ఆర్థిక పెద్దలు 2024 డిసెంబర్‌లో జైసల్మేర్‌లో కూర్చున్నారు. ఉప్పూ మసాలా చల్లి విడిగా అమ్మితే 5 శాతం, ప్యాకెట్లో పెట్టి లేబుల్ వేస్తే 12, కారమెల్ పూస్తే 18 శాతం జీఎస్టీ అని తేల్చారు. తర్వాత స్లాబులు మారాయి గానీ, రైతు అమ్మిన మక్కలకు ఇన్ని హోదాలు ఎప్పుడైనా దక్కాయా?

"ఇంత పెద్ద ఇల్లు గట్టిండ్రు, కూసునేతందుకు ఒక్క అరుగు లేదా?" అంది సినిమా అయ్యాక. ఉంది, ఫుడ్ కోర్టులో. ముందు ట్రే పట్టుకు రావాలి.

అసలు పరీక్ష కింద బేస్‌మెంట్లో. 2018లో తెలంగాణ ప్రభుత్వం దయతో జీవో ఇచ్చింది. మొదటి అరగంట పార్కింగ్ ఉచితం, గంట దాకా ఏదైనా బిల్లు చూపిస్తే ఉచితం, గంట దాటితే పార్కింగ్ ఫీజుకు మించిన బిల్లో సినిమా టికెట్టో ఉంటే ఉచితం. అంటే చేతిలో డబ్బు ఉండాలి లేదా ఖర్చు పెట్టినట్టు సాక్ష్యం ఉండాలి. బూత్ ముందు మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ బోర్లించింది. వెన్న మరకలంటిన సినిమా టికెట్టు దొరికింది, అంకెలు చెరిగిపోయాయి. వెనక కార్ల హారన్లు మొదలయ్యాయి. డబ్బే కట్టేశాం.

అందుకే నాదో మనవి. నగరంలోని ఫుట్‌పాత్‌లన్నిటినీ కూడా మాల్స్ వాళ్లకే అప్పగించేయండి. రాళ్లు సమంగా పరుస్తారు, రోజుకు రెండుసార్లు కడుగుతారు, మలుపు మలుపుకీ గార్డును పెడతారు. వంద గజాలకో కాఫీ కొనాల్సి వస్తే కొందాం, తప్పదు. ట్రాఫిక్ పోలీసులకు లొంగకుండా ఫుట్‌పాత్ ఎక్కే బైకు వీరులైనా అప్పుడు పార్కింగ్ చీటీ తీసుకుంటారు.