చిల్లు

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి పోయాక మా ఉద్దానంలో ఎటు చూసినా పడ్డ చెట్లే. మా తోటలో జీడిచెట్లు వేళ్లతో సహా లేచి అడ్డంగా పడుకున్నాయి. కూలీలు దొరకరు, దొరికినా గొడ్డలి పట్టేవాడు లేడు. సరే అని 58 సీసీ రంపం మిషను ఒకటి కొన్నాను. లీటరు పెట్రోలుకి 40 ఎమ్మెల్ టూటీ ఆయిలు కలపడం నేర్చుకున్నాను. రెండు వారాలు అరటిబోదెలో కత్తి దిగినట్టు దిగింది.

మూడో వారానికి మొరాయించింది. ఒళ్లంతా బరువేసి నొక్కితే తప్ప కదలదు. పొగ, కంట్లో పిండిలాంటి పొట్టు, నడుం నొప్పి. పలాసలో మేస్త్రీకి చూపిస్తే, అది శుభ్రం చెయ్యాలి, ఇది సరిచెయ్యాలి, గొలుసు పదునుకి వంద అంటూ చిట్టా చదివాడు. మనిషిని చూసి రేటు చెప్తున్నాడనిపించింది. "ఆకురాయితో రుద్దడానికి వందా? ఇది దోపిడీ" అనేసి మిషను భుజాన వేసుకుని వచ్చేశాను.

ఆ రాత్రి ఫోనులో అమెరికా దొర ఒకాయన నా కళ్లు తెరిపించాడు. సైలెన్సరు విప్పి, లోపలి అడ్డురేకు కోసేసి, పక్కన ఇంకో చిల్లు పెట్టాడు. పొగ స్వేచ్ఛగా పోతోంది, మిషను పులిలా గాండ్రిస్తోంది. తెల్లారేసరికి మళ్లీ మేస్త్రీ ముందున్నాను.

"సైలెన్సరుకి చిల్లు పెట్టు."

అతను నావైపు జాలిగా చూశాడు. "అదంత సులువు కాదు బాబూ. పొగ దారి పెద్దది చేస్తే ఇంజను గాలి ఎక్కువ లాగుతాది. దానికి తగ్గట్టు కార్బరేటరు స్క్రూ తిప్పి పెట్రోలు పెంచాలి. ఇది టూ స్ట్రోకు గదా, ఆయిలు కూడా పెట్రోలుతోనే లోపలికెల్తాది. పెట్రోలు చాలకపోతే ఆయిలూ చాలనట్టే. పిస్టను కాలి, గీతలు పడి పట్టేస్తాది. పైగా మూతికున్న జాలీ తీసేస్తే, మీ తోటనిండా ఎండు జీడాకులు, ఒక్క నిప్పురవ్వ చాలు."

ఇంత చదువు చెప్పేవాడు పని ఎగ్గొట్టడానికే చెప్తాడని నా నమ్మకం. "చేతనవుతుందా, కాదా?"

కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సాయంత్రం రండి. వెయ్యవుతాది."

రెండు ఐదొందల నోట్లు తీసి బల్లమీద పెట్టాను.

సాయంత్రం వెళ్లేసరికి మిషను సిద్ధం. షాపు పక్కనున్న కొబ్బరి మొద్దుమీద పెట్టానో లేదో, దానంతటదే లోపలికి దిగిపోయింది. పొట్టు రేకులు రేకులుగా నా చెప్పులమీద పడుతోంది. ఇక ఆ సౌండు! గుండెల్లో మోగింది. ఇంటికొచ్చి పెరట్లో స్టార్ట్ చేస్తే మా ఆవిడ చెవులు మూసుకుని, "ఏం చేయించారండీ దీనికి, ఇల్లు అదిరిపోతోంది!" అంది. పక్క తోటలోంచి మా బావమరిది పరుగున వచ్చాడు. "బావా, నిన్నటి మిషనేనా ఇది? అక్కడికి వినపడింది!"

నేను పొగ దారి గురించి, గాలి గురించి, పెట్రోలు గురించి ఓ అరగంట చెప్పాను. మేస్త్రీ చెప్పినవన్నీ అప్పటికి నావే అయిపోయాయి. నేను ముగించకముందే బావమరిది పానా తెచ్చాడు, తన మిషనుకి కూడా పెట్టించుకోడానికి చిల్లు సైజు చూస్తానని. బోల్టులు విప్పి సైలెన్సరు చేతిలోకి తీసుకున్నాం. ఇటు తిప్పాం, అటు తిప్పాం. టార్చి వేశాం. అడ్డురేకు కంపెనీ బిగించినట్టే ఉంది. జాలీ మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. చిల్లు లేదు.

సౌండు మాట మాత్రం మేమిద్దరం మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు సైలెన్సరు చేత్తో పట్టుకునే వెళ్లాను. మేస్త్రీ ఎవరిదో గొలుసు ముందేసుకుని, పెన్సిలుకన్నా సన్నని గుండ్రటి ఆకురాయితో పన్ను పన్నుకీ మూడేసి రుద్దులు, ఒకే వాలుగా రుద్దుతున్నాడు.

"చిల్లేదయ్యా?"

తలెత్తలేదు. "జాలీకి మసి పట్టేసి పొగ దారి మూసుకుపోనాది. కాల్చి తుడిచినాను. గొలుసుకి పదునెట్టినాను. మిషను బాగా కోస్తంది గదా?"

"కోస్తోంది. మరి వెయ్యి దేనికి తీసుకున్నట్టు?"

"పదునుకి వంద అంటే దోపిడీ అన్నారు" అన్నాడు, తర్వాతి పన్నుమీద ఆకురాయి ఆనిస్తూ. "చిల్లుకి వెయ్యంటే బేరమైనా ఆడనేదు బాబూ."